కాకినాడ దాకా చేరని పితూరీ

1923 డిసెంబరు ఆఖరి వారంలో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ. ఆ సభల గురించి తెలుగువాళ్లలో ఎవర్ని కదిపినా ముందు వచ్చేది దుర్గాబాయి కథే. ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడిన 14 ఏళ్ల పిల్ల, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూని ఆపేసిందని, టికెట్ తెప్పించాకే లోపలికి వదిలిందని. మా ఇంట్లో ఈ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. "డిసిప్లిన్ అంటే అదిరా" అని చివర్లో ఒక ముక్తాయింపు కూడా ఉండేది.

ఈమధ్య అదే కథ మళ్లీ ఎక్కడో కనబడితే చదువుతున్నాను. ఎన్నడూ పట్టించుకోని సంగతి ఒకటి అప్పుడు తట్టింది. ఆ వారం అల్లూరి సీతారామరాజు ఎక్కడున్నాడు? బతికే ఉన్నాడు. గూడెం, రంప కొండల్లోనే ఉన్నాడు. అతని తల మీద 10,000 రూపాయల వెల ఉంది. అతని కుడిభుజం లాంటి గాం మల్లుదొర పోలీసులకి దొరికిపోయి మూడు నెలలైంది. కొత్త సంవత్సరం రాగానే అస్సాం రైఫిల్స్ దళం దిగబోతోంది. దేశం నలుమూలల నుంచి ప్రతినిధులు ఖద్దరు కట్టుకుని కాకినాడ స్టేషన్లో దిగుతున్నప్పుడు, అక్కడికి 100 కిలోమీటర్లు కూడా లేని అడ్డతీగల చుట్టుపక్కల అడవుల్లో పోలీసు పటాలాలు తిరుగుతున్నాయి.

ఈ రెండు విషయాలూ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మీకూ తెలుసు. ఒకటి ఒక పాఠంలో, రెండోది ఇంకో పాఠంలో చదివాం. రెండూ ఒకే వారం, ఒకే జిల్లా అని మాత్రం ఎవరూ పక్కపక్కన పెట్టి చెప్పలేదు. పెట్టి చూస్తే, రాజు ఎందుకు ఓడిపోయాడన్న ప్రశ్నకి మనం చెప్పుకునే జవాబు నాకు సరిపోవడం లేదు. తుపాకులు చాల్లేదు, మలబారు పోలీసులొచ్చారు, ఎవరో జాడ చెప్పారు అంటాం. అవన్నీ నిజాలే. కానీ కొండ కింద ఉన్న మనవాళ్లు ఆ రెండేళ్లూ కదల్లేదన్నది వాటన్నిటి కంటే పెద్ద నిజం అని నా అభిప్రాయం. మన్యం పోరాటం మన్యంలోనే ఉండిపోవడం మన్యంవాళ్ల లోపం వల్ల జరగలేదు.

కొండ మీద సర్కారుకి తెలుగు వచ్చు

తెల్లదొరల మీద పోరాటం అనగానే మన కళ్ల ముందు టోపీ పెట్టుకున్న ఇంగ్లీషువాడు వస్తాడు. 1922 నాటి గూడెం కొండల్లో సగటు మనిషికి ఆ టోపీ ఎన్నిసార్లు కనబడి ఉంటుంది? వాడికి రోజూ ఎదురయ్యేది ఫారెస్టు గార్డు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు (అడవి నరికి చేసే సాగు) కొట్టుకోవడం నేరమైంది, పశువుల్ని తోలుకెళ్లడం నేరమైంది, వంటచెరుకు ఏరుకోవడం కూడా ఎవరి దయమీదో ఆధారపడింది. ఆ దయ చూపించాల్సినవాడు తెలుగులోనే మాట్లాడతాడు. రోడ్డు పనికి తోలుకెళ్లే కంట్రాక్టరుదీ తెలుగే. అప్పిచ్చి పంట ఎత్తుకెళ్లే షావుకారు కింద నుంచి వచ్చినవాడే. చివరికి షావుకార్లు కొండవాళ్ల భూములు కాజేస్తున్నారని 1917లో మద్రాసు ప్రభుత్వమే ఏజెన్సీ భూముల బదిలీ మీద ఒక చట్టం చేయాల్సి వచ్చింది. అంటే కింది నుంచి వచ్చినవాడి దోపిడీ సంగతి ఇంగ్లీషువాడికి కూడా తెలుసు.

వీళ్లందరి మీద గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించడం ఆయన హయాంలోదే. మనుషుల్ని బలవంతంగా పనికి తోలడం, చెప్పిన కూలి చేతికి ఇవ్వకపోవడం, ఎదురాడితే కొట్టించడం. బట్టిపనుకులకు చెందిన గాం గంటందొర, మల్లుదొర సోదరులు పదవీ భూమీ పోగొట్టుకుని ఇతని మీద కడుపుమంటతో ఉన్నారు. రాజు కొండెక్కే సరికే అక్కడ నిప్పు ఉంది.

ఇంకాస్త వెనక్కి వెళ్తే 1879. రంప పితూరీకి, అంటే తిరుగుబాటుకి, పెద్ద కారణం కల్లు. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద కూడా పన్ను, దాని వసూలు కంట్రాక్టర్ల చేతికి. ఊళ్లకి ఊళ్లే లేచాయి. సరిగ్గా 43 ఏళ్ల తర్వాత అదే కొండల్లో ఒక గడ్డపు మనిషి కాషాయం కట్టుకుని తిరుగుతూ తాగుడు మానండి, కోర్టులకి పోకండి, పంచాయతీ పెట్టుకుని మీ తగవులు మీరే తీర్చుకోండి అని చెబితే, ఆ మనిషి మాట విన్నారు. కల్లు హక్కు కోసం తాతలు ప్రాణాలిచ్చిన చోట, మనవలు కల్లు వద్దన్నవాడి వెంట నడిచారు. ఇది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. కొండవాళ్లు అమాయకులు కాబట్టి స్వామీజీని చూసి మోసపోయారని కొందరు రాస్తారు. నాకు అది నచ్చదు. కింద నుంచి వచ్చిన తెలుగువాళ్లలో, ఏదీ పట్టుకుపోవడానికి కాకుండా వచ్చిన మొదటి మనిషి బహుశా వాళ్లకి అతనే అయ్యుంటాడు. ఆ తేడా గుర్తుపట్టడానికి అమాయకత్వం కాదు, తెలివే కావాలి.

ఆ రోడ్డు మీద మనం ఇప్పుడు కార్లలో వెళ్తున్నాం. డిసెంబరు, జనవరి శనాదివారాల్లో లంబసింగి ఘాట్‌లో తెల్లారకముందే ట్రాఫిక్ జామ్. పొగమంచులో సెల్ఫీలు, బొంగులో చికెన్, స్ట్రాబెర్రీ తోటలు. నేనూ ఆ గుంపులో ఒకణ్ణే. ఒకసారి టీ బడ్డీ దగ్గర చలికి చేతులు కాచుకుంటున్న పెద్దాయన్ని మాటల్లో పెట్టాను. "తాతా, ఈ రోడ్డు వల్ల మీకు బాగానే ఉందా ఇప్పుడు?" అని అడిగాను. ఆయన నవ్వి, "మా తాతలు తవ్వినదే బాబూ ఇది. కూలి ఇంకా బాకీ ఉంది" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్లు కూడా నవ్వారు. వాళ్లకి అది పాత జోకులాగుంది. కాసేపయ్యాక ఆయనే మళ్లీ అన్నాడు, "పైన మా చెల్లెలి ఊరికి రోడ్డే లేదు. నొప్పులొస్తే డోలీ కట్టాల్సిందే."

రోడ్డు మీద ఎవరికీ ద్వేషం లేదన్నమాట. అప్పుడు రోడ్డు పని మీద తిరగబడినవాళ్ల మనవలే ఇప్పుడు రోడ్డు వేయండి మహాప్రభో అని ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. రోడ్డు ఎవరి కోసం, ఎవరి చెమటతో అన్నదే అప్పటి గొడవ.

రశీదు రాసిచ్చిన తిరుగుబాటుదారు

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, 2,500 రౌండ్ల దాకా మందుగుండు. ఇది కంఠతా వచ్చిన లెక్క. నాకు దానికంటే ఇష్టమైన వివరం ఒకటుంది. స్టేషన్ నుంచి ఏమేం తీసుకెళ్తున్నాడో అక్కడి రికార్డులోనే రాసి కింద సంతకం పెట్టి వెళ్లాడు రాజు. ముందుగా కబురు పంపి మరీ వస్తాననడం, మిరపకాయ టపా, ఇవన్నీ సినిమాల్లో చూసి చూసి అరిగిపోయాయి గానీ, ఆ సంతకం దగ్గర కాస్త ఆగాలి.

దోచుకునేవాడు రశీదు ఇవ్వడు. రశీదు ఇచ్చాడంటే తనని తాను దొంగగా కాక, ఇంకో ప్రభుత్వంగా అనుకుంటున్నాడని అర్థం. గూడెంలో ముఠాదారు (కొన్ని కొండ ఊళ్ల మీద అధికారం ఉన్న పెద్ద) పదవి పోయిన గంటందొరకి ఆ రశీదుతో పనిలేదు. పోడు కోసం వచ్చిన కోయ రైతుకీ లేదు. ఆ కాగితం కొండ దిగువన మైదానంలో ఉన్నవాళ్ల కోసం. పత్రికలు చదివేవాళ్ల కోసం, కోర్టులూ కచేరీలూ తెలిసినవాళ్ల కోసం. చూడండి, మేం బందిపోట్లం కాదు అని వాళ్లకి చెప్పడం కోసం.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో జరిగింది కూడా నేను ఇలాగే చదువుతాను. ఇరుకు దారి, రెండు వైపులా పొదలు, కింద నుంచి పోలీసు బలగం నడిచి వస్తోంది. ముందు నడుస్తున్న భారతీయ సిపాయిల్ని వదిలేశారు. వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారుల్ని మాత్రం కాల్చి చంపారు. పొదల్లో తుపాకీ గురిపెట్టుకుని, ఒక్కొక్కరే దాటిపోతుంటే వేలు ట్రిగ్గర్ మీద ఆపుకుని కూర్చోవడం ఎంత టెన్షనో ఊహించండి. ఎవడో ఒకడు తిరిగి చూస్తే మొత్తం అయిపోతుంది. అయినా ఆగారు.

1923 ఏప్రిల్లో రాజు ఉన్నట్టుండి అన్నవరంలో కనిపించాడు. కొండ మీద సత్యనారాయణస్వామి దర్శనం చేసుకున్నాడు, జనంతో మాట్లాడాడు. అప్పుడు ఆయనతో మాట్లాడిన వ్యక్తి చెప్పిన మాటలు పత్రికలో వచ్చాయి. వాటిలో ఒక బాధ ఉంది: ఇంగ్లీషువాళ్లని కాల్చుదామంటే వాళ్ల ముందూ వెనకా ఎప్పుడూ భారతీయులే ఉంటున్నారు, వాళ్లని చంపడం నాకు ఇష్టం లేదు అని.

ఈ మాటని గొప్ప మనసుకి గుర్తుగా చెప్పి వదిలేస్తాం. నాకు ఇందులో ఒక యుద్ధం ఎందుకు ఓడిపోతోందో కూడా కనిపిస్తుంది. సర్కారుకి అతని బలహీనత తెలిసిపోయింది. భారతీయుల్ని చంపడని తెలిశాక ముందు వరసలో ఎవర్ని నిలబెట్టాలో చెప్పక్కర్లేదు. పైగా స్థానిక పోలీసుల్ని నమ్మలేక మలబారు నుంచి దళాల్ని తెచ్చారు. వాళ్లకి కొండవాళ్ల భాష రాదు, రాజు ఎవరో తెలీదు, జాలి పడే అవసరమే లేదు. 1922 డిసెంబరులో పెద్దగడ్డపాలెం దగ్గర వాళ్ల చేతుల్లో పెద్ద దెబ్బ తగిలింది. ఆ తర్వాత పితూరీ మళ్లీ ఆ ఊపు అందుకోలేదు.

మనవాళ్లని చంపను అని ఒక మనిషి పంతం పట్టుకుని కూర్చున్నాడు. ఎవరి కోసం ఆ పంతం? రేపు కింద ఉన్నవాళ్లు తనతో కలుస్తారని నమ్మాడు కాబట్టి. అన్నవరం కాకినాడకి 50 కిలోమీటర్లు. అంతవరకు వచ్చాడు. చూసినవాళ్లు దణ్ణాలు పెట్టారు. పెట్టి ఇళ్లకి వెళ్లిపోయారు.

కాంగ్రెస్ వాళ్లని తిట్టడం తేలికే

ఇక్కడ నా మిత్రుడు ఒకడు అడ్డుపడతాడు. చరిత్ర పాఠాలు చెప్పేవాడు, నాలాగా ఆవేశపడేవాడు కాదు. "పితూరీ మొదలయ్యేసరికి చౌరీచౌరా జరిగి ఏడాది కూడా కాలేదు. 1922 ఫిబ్రవరిలో గాంధీ ఉద్యమం ఆపేశాడు, మార్చిలో జైలుకి పోయాడు. ఆంధ్రలో పెదనందిపాడు పన్నుల నిరాకరణ అర్ధంతరంగా ఆగింది. చీరాల-పేరాల అయిపోయింది. అందరూ అలిసిపోయి ఉన్నారు. పోలీసు స్టేషన్ల మీద దాడులు చేస్తున్న మనిషిని బాహాటంగా సమర్థిస్తే అహింస అన్నమాటకి విలువేముంటుంది? నువ్వు కొండా వెంకటప్పయ్య స్థానంలో ఉంటే ఏం చేసేవాడివి?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. అహింస నమ్మినవాడు తుపాకీ పట్టుకోలేదని నేను తప్పుపట్టను. కానీ తుపాకీ వద్దంటే, తుపాకీ వెనక ఉన్న ఫిర్యాదు కూడా వద్దనాలా? అదే ఏడాది ఫిబ్రవరిలో పల్నాడులో కన్నెగంటి హనుమంతు పుల్లరి కట్టమన్నందుకు ఎదురు తిరిగి పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అదీ అడవి గొడవే. పశువుల మేతకి పన్ను. పల్నాడు గొడవని కాంగ్రెస్ తన గొడవ అనుకుంది. గూడెం పోడు గొడవని అనుకోలేదు. హనుమంతు ఊరు మించాలపాడు. అక్కడి రైతు మనలాంటివాడు, మన పంచె కడతాడు, మన సభలకి వస్తాడు. బగత, కోయ, కొండదొర అలా కాదు. వాళ్లు మనకి కలప, చింతపండు, అడ్డాకులు పంపించే మనుషులు మాత్రమే. కాంగ్రెస్ రాజుకి దూరంగా ఉండడానికి అహింస ఒక కారణం అని ఒప్పుకుంటాను. అది ఒక్కటే కారణం అని మాత్రం నమ్మను. బాస్టియన్ కూలి ఎగ్గొట్టడం మీద ఒక విచారణ సంఘం వేయడానికి తుపాకీ పట్టక్కర్లేదు.

కాకినాడ సభల్లో అప్పటి పెద్ద చర్చ, చట్టసభల్లోకి వెళ్లాలా వద్దా అన్నది. వెళ్లాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ బాగానే వాదించుకున్నారు. మద్రాసులో అప్పటికే ఒక తెలుగు జమీందారు, పానగల్ రాజా, మంత్రివర్గానికి పెద్దగా కూర్చుని ఉన్నాడు. పోలీసూ శాంతిభద్రతలూ గవర్నరు చేతిలోనే ఉంచుకున్నారు కాబట్టి ఆయన్ని నేరుగా అనడానికి లేదు. కానీ చూడండి: మద్రాసులో జస్టిస్ పార్టీ తెలుగువాళ్లు, కాకినాడలో కాంగ్రెస్ తెలుగువాళ్లు, ఒకరంటే ఒకరికి పడదు, కొండల విషయంలో మాత్రం ఇద్దరూ నిశ్శబ్దం.

మిత్రుడి రెండో ప్రశ్న ఇంకా ఇబ్బంది పెట్టింది. "అసలు కింద మైదానంలో ఉన్నవాళ్లని రాజు పిలిచాడా? గూడెంలో కూర్చుని పితూరీ చేస్తే గుంటూరు రైతుకి ఏం తెలుస్తుంది?" అన్నాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పిలుపు లేదనడం కుదరదు. స్టేషన్లో రాసిన ఆ సంతకం పిలుపే, అన్నవరం రావడం పిలుపే. భీమవరం వైపు నుంచి అగ్గిరాజు లాంటివాళ్లు వెళ్లారు కూడా. కాకినాడ స్కూల్లో రాజుతో చదువుకున్న మద్దూరి అన్నపూర్ణయ్య ఆయన్ని చివరిదాకా మర్చిపోలేదు. అయితే కింద ఒక సంఘం కట్టడం, రైతుకీ పోడుదారుకీ ఉమ్మడి కోరిక ఒకటి తయారుచేయడం, ఇది జరగలేదు. రాజు దానికి ప్రయత్నించిన దాఖలా బలంగా లేదు. ఆయన్ని విమర్శించాలంటే నేను ఇక్కడ విమర్శిస్తాను, హింస దగ్గర కాదు. స్వరాజ్యం అని ఆయన అన్నాడు, మా పోడు మాకు అని గూడెం అంది. ఈ రెంటినీ కలిపి కింద ఉన్నవాడికి అర్థమయ్యేలా చెప్పే మూడో మాట ఎవరూ అనలేదు.

ఇంకో సందేహం కూడా దాచుకోను. పితూరీ భారం ఎవరు మోశారు? రాత్రి రాజు మనుషులొచ్చి బియ్యం అడుగుతారు, పగలు పోలీసులొచ్చి ఎవరికిచ్చావని కొడతారు. రెండేళ్లు ఇలా గడిచాక ఏ ఊరు మాత్రం తట్టుకుంటుంది? చివరి నెలల్లో కొందరు జాడలు చెప్పేశారని ఇప్పుడు వాళ్లని ద్రోహులంటాం. స్పెషల్ కమిషనరు రూథర్‌ఫర్డ్ ఊళ్లని ఎలా పిండాడో చదివినవాళ్లెవరూ ఆ మాట అంత తేలిగ్గా అనలేరు. పైగా ముఠాదార్లు తమ పాత హోదా కోసం వచ్చారు, వాళ్ల కింద ఉన్నవాళ్లకి ఆ హోదా తిరిగొస్తే ఒరిగేది పెద్దగా లేదు. ఈ లోపలి తేడాలు ఉండగా కూడా రెండేళ్లు నిలబడిందంటే, కింద ఒక్క జిల్లా లేచినా కథ వేరుగా ఉండేదని నాకు అనిపిస్తుంది. సర్కారు మలబారు నుంచీ, అస్సాం నుంచీ దళాల్ని తెచ్చి ఒకే కొండ చుట్టూ మోహరించగలిగింది, ఎందుకంటే మిగతా ఊళ్లన్నీ ప్రశాంతంగా ఉన్నాయి. గెలిచేవాడా అంటే, కాదు. 1924 మే 7న కొయ్యూరులో, విచారణ లేకుండా, చెట్టుకి కట్టేసి కాల్చేంత ధైర్యం మేజర్ గుడాల్‌కి వచ్చేదా అంటే, బహుశా వచ్చేది కాదు. పారిపోబోతే కాల్చామని సర్కారు చెప్పిన మాటని అడిగే నాథుడు ఉండేవాడు.

పోయాక పుట్టిన ప్రేమ

చనిపోయాక అంతా తేలికైపోయింది. 1929లో గాంధీ రాశాడు, ఆయన సాయుధ మార్గం నాకు సమ్మతం కాదు గానీ ఆ ధైర్యానికీ త్యాగానికీ తల వంచకుండా ఉండలేను అనే అర్థంలో. ఐదేళ్ల ముందు ఆ మాట ఆంధ్ర నాయకుల్లో ఎవరైనా అని ఉంటే! ఆ తర్వాత పాటలు, బుర్రకథలు, నాటకాలు, సినిమాలు, తపాలా బిళ్ల. 2022 జూలై 4న భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధాని ఆవిష్కరించారు. అదే ఏడాది పాడేరు కేంద్రంగా ఆయన పేరుతో జిల్లా వచ్చింది. సంతోషమే. విగ్రహం డెల్టాలో, పేరు కొండల్లో.

రెండేళ్ల కిందట మా ఊళ్లో అల్లూరి జయంతికి పిల్లలకి వక్తృత్వ పోటీ పెట్టి నన్ను జడ్జీగా పిలిచారు. పిల్లలు బాగా తయారై వచ్చారు. దాదాపు అందరిదీ ఒకే బాణీ, సినిమా డైలాగు ఊపు, చివర్లో పిడికిలి. ఒక అమ్మాయి మాత్రం, గురుకులం హాస్టల్లో చదువుతున్న పాడేరు వైపు పిల్ల, మల్లుదొర గురించి మాట్లాడింది. అండమాన్ జైలు, 1937లో విడుదల, తర్వాత బతుకు. గొంతు పెంచలేదు, పిడికిలి ఎత్తలేదు. నా పక్కన కూర్చున్న జడ్జీగారు మార్కుల కాగితం మీద "టాపిక్ నుంచి పక్కకి వెళ్లింది" అని రాశారు. నేను వాదించాను. "మంచి విషయమేనండీ, కానీ టాపిక్ అల్లూరి కదా" అన్నారాయన మర్యాదగా. ప్రైజు వేరే అబ్బాయికి వెళ్లింది. ఆ అబ్బాయి కూడా నిజంగా బాగా మాట్లాడాడు.

ఆ పెద్దమనిషి తప్పేమీ చేయలేదు. మనందరం అలాగే నేర్చుకున్నాం. రాజుని కొండల నుంచి విడదీసి కిందకి తెచ్చుకున్నాం. ఆయన ఒక్కడే అయితే మనవాడు, పక్కన గంటందొర, మల్లుదొర, వీరయ్యదొర నిలబడితే వాళ్లు అడిగింది కూడా వినాల్సి వస్తుంది. వాళ్లు అడిగింది అడవి. ఆ విషయంలో మన రికార్డు అంత గొప్పగా లేదు. 1882 చట్టం పోయి 1967లో మన చట్టం వచ్చింది, పోడు కేసులు మాత్రం ఆగలేదు. గిరిజనేతరులు ఏజెన్సీ భూములు కొనకుండా 1/70 చట్టం వస్తే దాన్ని ఎత్తేయమని దశాబ్దాలుగా అడుగుతున్నది కింద నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లే. గిరిజనులకి చారిత్రక అన్యాయం జరిగిందని పార్లమెంటు ఒక చట్టం పీఠికలో రాయడానికి 2006 దాకా పట్టింది. రాజు మొదటి స్టేషన్ మీద దాడి చేసిన అదే చింతపల్లి వైపు కొండల్లో బాక్సైట్ తవ్వకాలకి 2015లో జీవో వచ్చింది. నిరసనలన్నీ పూర్తయ్యి అది రద్దయ్యే సరికి 2019. ఆ నాలుగేళ్లలో కింద పట్టణాల్లో అల్లూరి జయంతులు ఏటా ఘనంగానే జరిగాయి.

రాజకీయ పార్టీల మీద నెపం వేయడానికి ఇది రాయడం లేదు. పార్టీలు మనం అడిగిందే చేస్తాయి, మనం ఎన్నడూ అది అడగలేదు.

మల్లుదొర దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఆ అమ్మాయి చెప్పిన వాటిలో నాకు అప్పటిదాకా తెలియనిది ఒకటుంది. 1952లో మొదటి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి ఇద్దరు సభ్యులు లోక్‌సభకి ఎన్నికయ్యారు. అప్పట్లో ఉన్న జంట నియోజకవర్గాల పద్ధతి అది. కొండవాళ్లూ పట్నంవాళ్లూ ఒకే పెట్టెల్లో ఓట్లు వేశారు. ఒకాయన లంకా సుందరం, ఇంగ్లీషులో దంచే మేధావి. రెండో ఆయన గాం మల్లుదొర, 30 ఏళ్ల కిందట పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి అండమాన్ చూసి వచ్చిన మనిషి. దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తున్న ఆ ఎన్నికల్లో ఆయన గెలిచింది ఇండిపెండెంటుగా.